జ్ఞానాంబ విన్న తాళాలు

చంద్రగిరిలో కంచరి గురప్ప చేసే భజన తాళాలు అందరి తాళాల్లాంటివి కావు. మిగతావాళ్ళు జత రెండింటినీ ఒకే తూకంగా పోతపోస్తే, అతను ఒకదాన్ని రవ్వంత పలచగా అరగదీసేవాడు. ఆ రెండూ తగిలితే మోత తిన్నగా పోకుండా, గాలికి వరిచేను ఊగినట్టు లేస్తూ పడుతూ చాలాసేపు నిలిచేది. ఆ తేడా ఎంత ఉండాలో ఏ కొలతకూ అందదు. చెవే చెప్పాలి.

ఆ చెవి గురప్పది కాదు, అతని భార్య జ్ఞానాంబది.

పదేళ్ళ వయసు నుంచి సుత్తి దెబ్బల మధ్య బతికిన గురప్పకు నలభై దాటేసరికి చెవులు చెడ్డాయి. దగ్గర నిలబడి మాట్లాడితే మాట అందేది గాని, కంచు మోతలో చివర సన్నగా సాగే తీగలాంటి నాదం మాత్రం అందేది కాదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిస్తే తాళాలు ఎవరు చేయించుకుంటారు? అతను ఆకురాయితో అంచు రుద్ది, జత కొట్టేవాడు. ఆమె పక్కనే వాకిట్లో బియ్యం చెరుగుతూనే చెప్పేది.

"ఇంకా రవ్వంత తియ్యి, మామా."

"ఇప్పుడు?"

"ఊహూ. పగిలిన చట్టి మాదిరి ఉండాది."

మొహమాటం ఆమె ఎరగదు. ఒకసారి తొమ్మిది రోజులు కష్టపడి చేసిన జతను, "ఇది వాయిస్తే దేవుడు లేసి పోతాడు" అని తేల్చేసింది. గురప్ప అలిగి ఆ పూట అన్నం ముట్టలేదు. మోత కుదిరిన రోజున మాత్రం ఆమె ఏమీ అనేది కాదు. చేట పక్కన పెట్టి, అది ఆగేదాకా కళ్ళు మూసుకునేది. ఆ ముఖం చూసి గురప్ప ఆకురాయి కింద పెట్టేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన నాలుగో ఏట వాంతిభేది తగిలి జ్ఞానాంబ రెండు రోజుల్లో పోయింది.

ఆరు నెలలు కొలిమి వెలగలేదు. అప్పుడు తిరుపతి నుంచి భజన గోష్ఠి పెద్ద సుందరరాజు వచ్చాడు.

"ఇట్లే కూసున్నావంటే మనిసివి మిగలవు గురప్పా. మాకొక జత చెయ్యి."

యుద్ధం వల్ల అంగళ్ళలో కంచుకు కలిపే తగరం దొరకని రోజులవి. జ్ఞానాంబ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కంచు పళ్ళెం తప్ప ఇంట్లో వేరే కంచు లేదు. దాన్నే కరిగించాడు. పోతపోసి, అంచు రుద్ది, జత కొట్టి, అలవాటుగా వాకిటి వైపు తల తిప్పాడు.

కాసేపటికి పక్కింటి సుబ్బులమ్మను పిలిచాడు.

"ఎట్లుండాదమ్మా?"

"శానా బాగుండాదన్నా."

మళ్ళీ రుద్ది కొట్టాడు. అదీ బాగుందంది. మూడోసారి కావాలనే అంచును వేళ్ళతో నొక్కిపట్టి, మోత లేవకుండా కొట్టాడు.

"ఇప్పుడు?"

"బాగుండాదన్నా" అంది సుబ్బులమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

పెండ్లాం పోయినవాడి మనసు నొప్పించడానికి ఊళ్ళో ఎవరికీ నోరు రాదని గురప్పకు అర్థమైంది. ఇక తన ఊహకు తోచినంత అరగదీసి, ఆ జతను తిరుపతికి తీసుకుపోయాడు.

శనివారం సాయంత్రం భజనలో సుందరరాజు వాటిని కళ్ళకద్దుకుని వాయించాడు. గురప్ప ముఖాలే చూస్తూ కూర్చున్నాడు. మద్దెల వాయించేవాడు తల పక్కకు తిప్పుకున్నాడు. రెండు చరణాలయ్యాక సుందరరాజు కొత్త తాళాలను దేవుడి పటం ముందు పెట్టి, పాత జత అందుకున్నాడు.

పాట ముగిశాక గురప్ప అతని పక్కకు జరిగాడు.

"ఎట్లుండాయి స్వామీ?"

"నీ చేతివి బాగలేకుండా యాడికి పోతాయప్పా?"

"నా చెవులు పోయి పదేండ్లయింది. ఇన్నేండ్లూ విన్నది నా పెండ్లాం. నువ్వన్నా నిజం చెప్పు."

సుందరరాజు గురప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"బాగలేవప్పా" అన్నాడు మెల్లగా. "రెండూ ఒకదాన్నొకటి కరుస్తా ఉండాయి."

జ్ఞానాంబ పోయాక తనతో ఒక మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పడం అదే మొదటిసారి. ఆమెను సాగనంపిన రోజు కూడా కన్నీరు పెట్టని గురప్ప, గోష్ఠి అందరి ముందూ ముఖం కప్పుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత అతను చెంబులూ గిన్నెలూ చేసుకుంటూ బతికాడు. మరుసటేడు చిత్తూరు నుంచి ఎవరో తాళాల పేరు విని ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చంద్రగిరి తాళాలు చేసేది నువ్వేనా అని అడిగారు.

"నేను కాదప్పా" అన్నాడు గురప్ప. "ఆ మనిసి పోయింది."