తూము మూత

తుపాకి మడమ దెబ్బకు ఎంబానా సముద్రాన్ని ఆపే గట్టు మీదే కూలబడ్డాడు. ఫిరంగిని తన వరిపొలంలోకి దించనివ్వనన్నందుకు ఆ దెబ్బ. లేచి మళ్లీ అదే మాట అన్నాడు. ఈసారి పోర్చుగీసు సార్జెంటు కాల్చాడు. అతని భార్య క్వింటా మడచెట్ల చాటున, నోట్లో గుడ్డ కుక్కుకుని అంతా చూసింది.

శవాన్ని కూడా ఇవ్వలేదు. కోత అయిపోయిన పొలం చదునుగా, గట్టిగా ఉందని సిపాయిలు అందులోనే డేరాలు వేశారు. గుండ్ల పెట్టెలు పేర్చారు. అక్కడి నుంచే దీవిలోని ఊళ్లను తగలబెట్టడం మొదలుపెట్టారు. ముందు ధాన్యపు గాదెలు, తర్వాత ఇళ్లు.

మిగిలిన జనం అడవిలో సమావేశమయ్యారు. పోర్చుగీసువాళ్లతో పోరాడే దళం నాయకుడు బీడాన్, బిస్సావు రేవులో మూటలు మోసినవాడు, లేచి నిలబడ్డాడు.

"నేల పొడిగా ఉన్నంతకాలం ఆ ఫిరంగుల జోలికి పోలేం. పున్నమి పోటు వస్తోంది. ఎంబానా గట్టులోని తూము తెరిస్తే సముద్రం మన తరఫున పోరాడుతుంది."

అందరూ క్వింటా వైపు చూశారు. తాటిమాను తొలిచి ఆ తూము వేసింది ఎంబానా. వేసినవాడు పోతే అతని ఇంటిది తప్ప ఇంకొకరు దాని మూత ముట్టుకోరు. అది దీవి కట్టుబాటు.

"సముద్రం ఎవరి తరఫునా పోరాడదు బాబూ," అంది క్వింటా. "వస్తుంది, ఉప్పు వదిలేసి పోతుంది. ఆ ఉప్పు కడగాలంటే ఎన్ని వానాకాలాలు కావాలో మూటలు మోసేవాడికేం తెలుసు?"

"తెలుసు పెద్దమ్మా. పన్ను కట్టలేదని మా అయ్యను రోడ్డు పనికి ఈడ్చుకుపోయి చంపారు. చూసేవాడు లేక మా గట్టు తెగింది. ఆ ఉప్పు నేనూ తిన్నా."

"ఆ గట్టుకి మట్టి మోసే నా నడుం వంగింది," అన్నాడు సాన్యా తాత. "నేనైతే తెరవను."

"నీ గాదె ఇంకా కాలలేదులే తాతా, అందుకే నడుం గుర్తొస్తోంది!" అని ఎవరో అరిచారు. కొందరు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఎంబానా చెల్లెలు ఎన్‌దలా వచ్చి క్వింటా పక్కన కూర్చుంది. "వదినా, వాళ్లు అక్కడుండగా నువ్వు నాట్లు వేస్తావా? వేసినా ఆ గింజ మన నోటికొస్తుందా?"

క్వింటా జనం వైపు తిరిగింది. "తెరుస్తాను. నా పిల్లలకు ఎవరు పెడతారు? ఇప్పుడే చెప్పండి. గెలిచాక ఎవరికీ గుర్తుండదు."

ముందుగా తాత కుడిచెయ్యి ఎత్తాడు. "నా మడిలో నాట్లెయ్యి. పండింది పంచుకుందాం." ఇంకో చెయ్యి లేచింది. ఆ తర్వాత అన్నీ లేచాయి. క్వింటా ఒక్కొక్క ముఖాన్నే చూసి గుర్తుపెట్టుకుంది.

పున్నమి మర్నాడు పొద్దెక్కాక సిపాయిలు కాఫీ కాచుకుంటున్నారు. గట్టుకు అవతల, మెడలోతు బురదనీటిలో ఆడవాళ్లు గుద్దళ్లు పట్టుకుని మెల్లగా కదులుతున్నారు. క్వింటా చేతికి మూత తగిలింది. దాని చుట్టూ ఎంబానా మెత్తిన బంకమట్టి మీద అతని వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి.

"లాగు వదినా. మూత మాత్రం జాగ్రత్త, మళ్లీ కావాలి."

లాగింది. ఆడవాళ్లు పక్కనే గట్టు తెగ్గొట్టారు. నీళ్లు చూసి సిపాయిలు మొదట నవ్వారు. చక్రాలు దిగబడ్డాక అరిచారు. గుండ్ల పెట్టెలు తేలాయి. మడచెట్లలోంచి దళం కాల్పులు మొదలుపెట్టింది. పొలంలోంచి వచ్చిన గుండు ఒకటి ఎన్‌దలాకు గొంతులో తగిలింది. క్వింటా ఒక చేత్తో మూతను, ఒక చేత్తో ఆడపడుచును పట్టుకుని మడచెట్లలోకి ఈదింది. చేరేసరికి ఆడపడుచు ప్రాణం పోయింది.

బతికిన సిపాయిలు ఫిరంగులు వదిలేసి పడవలెక్కి, సముద్రపు పాయ దాటి అవతలి ఊరి పొలంలో దిగారు.

నీళ్లు తీశాక పొలమంతా తెల్లబడింది. క్వింటా మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"గెలిచాం పెద్దమ్మా," అన్నాడు బీడాన్.

"ఊఁ," అంది.

మరుసటి పోటుకు పాయ అవతల ఏదో తళుక్కుమంది. పొడిగా ఉండాల్సిన పొలమంతా నీళ్లు. కేకలు, వెంటనే తుపాకులు. ఇక్కడి నుంచి ఎవరూ కబురు పంపలేదు, ఆ ఊరివాళ్లే తమ తూము తెరిచారు.

"వాళ్ల పిల్లలకు ఎవరు పెడతారు?" అంది క్వింటా.

ఆమె గట్టెక్కి నిలబడి, ఆ రోజు తాత ఎత్తినట్టే కుడిచెయ్యి ఎత్తింది. అంత దూరం నుంచి వాళ్లకు కనబడదని తెలుసు. అయినా దించలేదు. కాసేపటికి వెనక, తెగిన గట్టు పూడుస్తున్న తాత గుద్దలి కింద పెట్టిన చప్పుడైంది. అతనూ చెయ్యెత్తాడు.