నూట పద్దెనిమిదో నిమిషం

పెళ్లి మూడున్నరకు. మూడుకు ఎటెల్కా అమ్మమ్మ పెళ్లికూతురి గది తలుపు గడియ పెట్టి, దానికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పెళ్లికూతురు ఓర్లీ కూడా లోపలే చిక్కుకుపోయింది.

"ఆ ఫైవెల్ హాల్లో ఉన్నంతసేపు నేను కదలను. కావాలంటే నా మీంచి దూకి వెళ్లు."

తొంభై ఒక్క ఏళ్ల మనిషి మీంచి, అంత గౌనుతో, ఎలా దూకడం? ఓర్లీకి నవ్వొచ్చింది. యూదుల ఆచారంలో వధూవరులిద్దరికీ పెళ్లిరోజు ఉపవాసం కదా, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. తల తేలిపోతోంది. తలుపు సందులోంచి వేపిన చేపల వాసన వస్తుంటే గోడమీద గడియారం కూడా రొట్టెలా కనిపిస్తోంది.

కాని విషయం నవ్వులాట కాదు. ఓర్లీకి తండ్రి లేడు. ఒక చెయ్యి అమ్మ జూడిత్, మరో చెయ్యి అమ్మమ్మ పట్టుకుని పందిట్లోకి నడిపించాలని ఏడాది కిందటే అనుకున్నారు. అమ్మమ్మ రాకపోతే అడుగు వెయ్యనని ఓర్లీ కూడా పంతం పట్టింది. పెళ్లి జరిపించే రబ్బీ చూస్తే అయిదింటికి ఇంకో పెళ్లి ఒప్పుకున్నాడు.

ఫైవెల్ పెళ్లికొడుకు ఏతాన్‌కి తల్లివైపు తాత. మోకాళ్లు బాగాలేవు, సిడ్నీ నుంచి రాలేనన్నాడు. రెండు కుటుంబాలూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాయి. తీరా ఇవాళ పొద్దున విమానంలో మెల్‌బోర్న్‌లో దిగాడు.

అతని నేరం డెబ్బై రెండేళ్ల నాటిది. యుద్ధం ముగిశాక జర్మనీలో శరణార్థి శిబిరం. నాజీల చేతుల్లోంచి బతికి బయటపడ్డవాళ్లు ఒకరినొకరు వెతుక్కుని, రోజుకు నాలుగైదు జంటలు పెళ్లాడుతున్న రోజులు. ఎటెల్కా దుప్పటి ఇచ్చి చక్కెర, చెప్పులు ఇచ్చి కోకో సంపాదించి, బుడాపెస్ట్‌లో వాళ్లమ్మ చేసే వాల్‌నట్ కేకు తన పెళ్లికి తనే చేసుకుంది. అమ్మ తిరిగి రాలేదు. మిగిలింది ఆ కేకు చేసే తీరు ఒక్కటే. పందిట్లోంచి వచ్చి చూస్తే పళ్లెం ఖాళీ. ఆ రాత్రి ఫైవెల్ కోటు జేబులో కేకు ముక్కలు.

"నువ్వు జేబు చూశావు అమ్మమ్మా. తినడం చూశావా?" బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే ఓర్లీ అడిగింది.

"జేబు అబద్ధం చెప్పదు."

హాల్లో చిన్నప్పటి ఫొటోలు వేయడానికి తెచ్చిన లాప్‌టాప్ బల్లమీద ఉంది. ఓర్లీ గౌను పోగుచేసుకుని కూర్చుని, ప్రాణాలతో మిగిలినవాళ్ల సాక్ష్యాల వీడియోలున్న ఆన్‌లైన్ ఆర్కైవ్ తెరిచింది. ఆ శిబిరంలోనివాళ్లు ఎవరైనా ఎప్పుడైనా కెమెరా ముందు ఈ కేకు మాట ఎత్తకపోతారా అని ఆశ.

ఫైవెల్ పేరు కొట్టింది. అతను సాక్ష్యమే ఇవ్వలేదు. "ఏమని ఇస్తాడు?" అంది అమ్మమ్మ.

శిబిరం పేరు, పక్కన 'పెళ్లిళ్లు' అని కొట్టింది. వందల ముఖాలు వరసగా పరుచుకున్నాయి. టై కట్టుకున్న తాతలు, జుట్టు దువ్వుకుని వచ్చిన అవ్వలు. ఓర్లీ నవ్వు కాసేపు ఆగిపోయింది. ఒక్కొక్కరిదీ గంటలకొద్దీ మాట.

మాంటెవిడియోలో స్థిరపడ్డ అవ్వ ఒకావిడ మాత్రం తన పెళ్లి గురించి చెబుతూ పడీపడీ నవ్వుతోంది. మా శిబిరం మొత్తానికి మంచి కోటు ఒక్కటే ఉండేదండీ, ఫైవెల్ది, పెళ్లికొడుకులందరూ అదే వేసుకునేవాళ్లు అంటోంది.

ఓర్లీ వీడియో ఆపింది. "అమ్మమ్మా, నీ పెళ్లిలో తాతయ్య ఒంటిమీద ఎవరి కోటు?"

అమ్మమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తర్వాత, "ఫైవెల్దే. కాని ఆయన ఉపవాసం. పెళ్లికొడుకు కేకు ముట్టుకుంటాడా?" అంది. గొంతులో మునుపటి ధీమా లేదు.

బయట నుంచి జూడిత్ తలుపు కొట్టింది. ఫైవెల్‌ని నిలదీశాననీ, చచ్చిపోయినవాడికి మాటిచ్చాను, నోరు విప్పను అన్నాడనీ చెప్పింది. రబ్బీ చేతి గడియారం చూసుకుంటున్నాడట.

మాట ఇచ్చింది చచ్చిపోయినవాడికి! ఓర్లీ వెంటనే తాతయ్య పేరు కొట్టింది. తాతయ్య హెనెక్ పోయి ఇరవై ఏళ్లయింది. ఆయన సాక్ష్యం క్యాసెట్టు అమ్మమ్మ సొరుగులో ఉంది, కాని ఎవరూ చూడలేదు. రెండున్నర గంటలూ పోలిష్‌లో చెప్పాడు, ఇంట్లో ఆ భాష ఎవరూ మాట్లాడరు. ఆర్కైవ్‌లో అలా కాదు. ఎవరో ఓపిగ్గా విని, ప్రతి నిమిషానికీ అందులో ఏముందో రాసిపెట్టారు.

నూట పద్దెనిమిదో నిమిషం దగ్గర మూడు మాటలున్నాయి. శిబిరంలో పెళ్లి. ఉపవాసం. ఆహారం దొంగతనం.

ఓర్లీ అది నొక్కింది. తాతయ్య ప్రత్యక్షమయ్యాడు, గోధుమరంగు స్వెట్టర్‌లో. ఏదో చెప్పి, చూపుడు వేలూ బొటనవేలూ దగ్గర పెట్టి చిన్న ముక్క చూపించాడు. తర్వాత ఇంకొంచెం పెద్ద ముక్క. తర్వాత రెండు చేతులూ. చివరికి ముఖం కప్పుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. కెమెరా వెనక ఎవరో కూడా నవ్వారు.

"పోలిష్ అర్థమయ్యేవాళ్లు కావాలి. ఫైవెల్‌ని తప్ప ఎవర్ని పిలుస్తాం" అంది ఓర్లీ నీరసంగా.

"మళ్లీ వెయ్యి," అంది అమ్మమ్మ.

ఓర్లీ తల తిప్పి చూసింది.

"యాభై ఏళ్లు కాపురం చేశానే. ఆయన నాకు తెలియకూడనివన్నీ ఆ భాషలోనే మాట్లాడేవాడు. అది నేర్చుకోకుండా ఉంటానా? ఆయన పోయాక ఆ క్యాసెట్టు చూసే ధైర్యమే లేకపోయింది. వెయ్యి."

రెండోసారి చూసేటప్పుడు అమ్మమ్మ పెదవులు బిగించింది. మూడోసారికి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. పెళ్లిరోజు మధ్యాహ్నం తాతయ్యకి ఆకలికి కళ్లు తిరిగాయట. ఊరికే చూసి పోదామని వెళ్లాడట. అంచు నుంచి చిటికెడు తీస్తే కేకు వంకర కనిపించిందట. సరిచేద్దామని రెండోవైపు తీశాడట. సరిచేసి సరిచేసి పళ్లెం తేలిందట. జేబు దులపకుండానే కోటు తిరిగిచ్చి, నువ్వు చెబితే కొత్త పెళ్లాం రేపే వదిలేసి పోతుందని ఫైవెల్ కాళ్లు పట్టుకున్నాడట.

"చివర్లో ఏమన్నాడు?"

"మా అత్తగారిని చూడలేదు కానీ ఆవిడ చేతివంట తిన్నాను అన్నాడు." అమ్మమ్మ కుర్చీ జరిపి లేచింది. "పద, చెయ్యి ఇవ్వు. మూడూ ఇరవై ఎనిమిది."

హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. అమ్మమ్మ పందిరివైపు తిరగలేదు. ఓర్లీని లాక్కుంటూ మూడో వరసకి నడిచి, చేతికర్ర ఆనుకుని వణుకుతున్న ఫైవెల్ కోటు జేబుమీద అరచెయ్యి పెట్టింది.

"నువ్వు కాదు," అని, రబ్బీకి కూడా వినపడేలా గొంతెత్తింది. "డెబ్బై రెండేళ్ల కిందట నా పెళ్లి కేకు తిన్న దొంగ పెళ్లికొడుకే. మా ఆయన హెనెక్."