గున్న మానేసినవి

బేకరీలో పనిచేసేవాడికి ఒళ్ళు రాకపోతే ఆ బేకరీ సరుకును నమ్మకూడదని ఓనరు అంటూండేవాడు. ఆ లెక్కన అక్కడ రొట్టెలు చేసే గున్న ఒళ్ళు ఆ దుకాణానికి బోర్డు లాంటిది. పిండి పిసికే బల్లకీ ఓవెన్‌కీ మధ్య సందులో అతను నిలబడితే ఇంకొకరు పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దాటాల్సిందే. చిన్నప్పుడు గున్న ఏనుగులా ఉన్నాడని అక్క అతనికి గున్న అని పేరు పెట్టింది. తల్లి పోయాక ఆ గున్నను సాకి మనిషిని చేసింది అక్కే. పెళ్ళయ్యాక కూడా వెంట తెచ్చుకుంది. "కట్నం కింద ఏనుగునిచ్చారు నాకు" అని బావ ఇప్పటికీ నవ్వుతాడు. బావ సిటీ బస్సు నడుపుతాడు. నవ్వితే ఆయన ఒళ్ళంతా బస్సులాగే కదులుతుంది.

ఆ ఇంట్లో నవ్వు తగ్గి చాలా కాలమైంది. అక్క లివర్ పాడైంది. చెడ్డ అలవాటేమీ లేదు. ఎందుకొచ్చిందో డాక్టర్లకీ సరిగ్గా తెలియని జబ్బు. కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు వాచాయి, పొట్టలో నీరు చేరింది. దగ్గరి మనిషి లివర్‌లోంచి ముక్క తీసి పెడితే బతుకుతుందన్నారు. బావ రక్తం కలవలేదు. గున్నది కలిసింది.

"ఇప్పుడే తీసుకోండి సార్" అని గున్న ఆపరేషన్ డాక్టరు ముందు బల్ల ఎక్కినంత పని చేశాడు.

డాక్టరు స్కాను చూసి తల అడ్డంగా ఊపాడు. "నీ లివర్ నిండా కొవ్వే. ఇది కోసి పెడితే ఆవిడకీ పనికిరాదు, నీకూ ప్రమాదం. కొవ్వు దిగాలి. దిగాక రా."

తిండి సంగతి చెప్పే మేడం పక్క గదిలో ఉండేది. ఆవిడ చాలా ఓపికగా చెప్పింది. రోజూ నడువు, నెమ్మదిగా పరుగులోకి దిగు. వెన్న, పాలు, మాంసం, గుడ్లు మానేసి పూర్తిగా మొక్కల తిండికి మారతానంటే సంతోషం. కానీ అలా తినేవాడు పప్పులు, శనగలు, సోయా, గింజలు, ఆకుకూరలు కడుపునిండా తినాలి, పరిగెత్తేవాడైతే ఇంకా తినాలి. ఒంట్లో రక్తం కూడా బొటాబొటీగా ఉంది కాబట్టి, నెలనెలా వచ్చి చూపించుకోమంది. ఇవన్నీ గున్న తల ఊపుతూ విన్నాడు. మానెయ్యమన్నవి మాత్రం చెవిలోంచి గుండెలోకి దిగాయి. తినమన్నవి గది గుమ్మం దాటేసరికి జారిపోయాయి. తను తిన్నదానివల్లే తన లివర్ అక్కకి పనికిరాకుండా పోయిందన్న మాట ఒక్కటే అతని బుర్రలో నిలిచింది. తిండి చేసిన పాపం తిండితో కడుక్కుంటారా ఎక్కడైనా?

మర్నాటి నుంచీ అతను వీగన్. ఆ ముక్క బేకరీలో చెబితే ఓనరు చేతిలో ట్రే పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"క్రీము రుచి ఎవడు చూస్తాడ్రా మరి?"

"మీరు చూడండి సార్."

"నాకు షుగరు. నా చావు కోరుతున్నావా?" అన్నాడు గానీ, విషయం తెలిసినవాడు కాబట్టి ఆ రోజు నుంచీ చెంచా అంచున నాలుక ఆనించి, మొహం తిప్పుకుని, "బాగానే తగలడింది" అని చెప్పేవాడు.

తెల్లవారకముందే రొట్టెల పని ముగించి ఇంటికొచ్చి, ఒంటికంటిన పిండి కూడా దులుపుకోకుండా గున్న పరుగుకి వెళ్ళేవాడు. మొదట్లో అది పరుగు కాదు. సామాన్ల బండి గతుకుల్లో పోతున్నట్టు ఉండేది. వీధి చివరి కూరగాయల కొట్టు దాకా వెళ్ళేసరికి నాలుక బయటికొచ్చేది. షట్టరు ఎత్తుతున్న కొట్టామె, "ఎవరైనా తరుముతున్నారా అబ్బాయ్?" అని అడిగేది. కొన్నాళ్ళకి కొట్టు దాటాడు. ఇంకొన్నాళ్ళకి వంతెన దాటాడు. అక్క కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, వాడు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూసేది. తిరిగొచ్చేదాకా అక్కడే ఉండేది. రోజంతా పడుకునే మనిషికి అదొక్కటే పని.

కాదు, ఇంకొక పని కూడా ఉంది. టీ పెట్టడం.

వంట బావ చేస్తున్నాడు, గిన్నెలు గున్న కడుగుతున్నాడు. అక్క చీపురు పట్టుకుంటే ఇద్దరూ కలిసి లాక్కుంటున్నారు. "టీ అయినా నన్ను పెట్టనివ్వండ్రా, నేనింకా పోలేదు" అని అక్క ఒకరోజు గట్టిగానే అంది. అప్పటి నుంచీ ఎవరూ అడ్డం పడలేదు. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, గున్న కోసం పాలు లేకుండా, ఆకు బాగా మరిగించి, నల్లగా, చిక్కగా టీ పెట్టేది. పొద్దున్న దోసకాయ ముక్కలు తిన్నాక ఒకటి. మధ్యాహ్నం ఉడికించిన క్యాబేజీ తిన్నాక ఒకటి. రాత్రి ఏవో నాలుగు శనగలు, సొరకాయ తిన్నాక ఇంకొకటి. ఆ టీ కడుపులో పడితే ఆకలి చచ్చేది. ఆకలి చస్తే కొవ్వు చస్తుందని గున్న నమ్మకం. నెలనెలా రమ్మన్న మేడం దగ్గరికి మాత్రం పోలేదు. అంతా దిగాక ఒకేసారి వెళ్ళి చూపించాలని అతని ఆశ.

ఒళ్ళు తగ్గింది. చొక్కా కొయ్యకి తగిలించినట్టు వేలాడేది. బేకరీ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఓవెన్ తలుపు తీసినప్పుడు కళ్ళముందు చీకట్లు కమ్మి, ఒకసారి ట్రేతో సహా బల్ల మీద వాలిపోయాడు. బన్నులన్నీ నేలపాలయ్యాయి.

"ఏంట్రా నీరసమా?" అన్నాడు ఓనరు.

"కొవ్వు దిగుతోంది సార్" అన్నాడు గున్న, బన్నులు ఏరుకుంటూ. ఒంట్లో హాయిగా ఉన్న రోజు అతనికి దిగులేసేది, ఇవాళ పని జరగలేదేమోనని. తూలిన రోజు ధైర్యంగా ఉండేది.

పరీక్షల రోజు బావ సెలవు పెట్టి వెంట వచ్చాడు. డాక్టరు కొత్త స్కాను వెలుతురుకెత్తి పట్టుకుని, మొదటిసారి అతని మొహంలోకి చూసి నవ్వాడు.

"లివర్ శుభ్రంగా ఉందయ్యా! ఎలా చేశావు?"

గున్న బావ చెయ్యి పట్టుకున్నాడు. బావ ఒళ్ళు చాలా కాలం తర్వాత బస్సులా కదిలింది. డాక్టరు ఇంకో కాగితం తిప్పాడు. నవ్వు పోయింది. ఆ కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"రక్తం ఏదీ?"

"ఇందాక ఇచ్చాను కదండీ, కింద."

"అది కాదు. నీ ఒంట్లో రక్తం లేదు. మొదటే బొటాబొటీ. ఇప్పుడు సగానికి పడిపోయింది. ఇలాంటివాణ్ణి నేను బల్ల ఎక్కించను. బతికున్న మనిషిని చంపి ఇంకొకరిని బతికించే పని మేం చెయ్యం."

"ఎక్కించండి సార్, రక్తం. ఎవరిదైనా ఎక్కించి, ఆ వెంటనే..."

"ఇచ్చేవాడికి అలా చెయ్యకూడదు. సూదులిస్తాం, మాత్రలిస్తాం. కానీ ఒళ్ళు తనంతట తను కోలుకోవాలి. నెలలు పడుతుంది."

"నెలలా?" అన్నాడు బావ. "ఆవిడ..."

"ఆవిడని మందులతో లాక్కొస్తాం. ఎంతవరకు అని అడక్కండి. ఈలోగా నువ్వు పరుగు పూర్తిగా ఆపు. తిను, పడుకో. అంతే."

మేడం తన గదిలో అతను ఏం తింటున్నాడో చెప్పించుకుంది. చెబుతుంటే ఆవిడ కలం పక్కన పెట్టేసింది. "ఇవన్నీ మానడమే నాయనా. తినడం ఎక్కడుంది ఇందులో? ఆ నాలుగు శనగలు తప్ప ఒంటికి పట్టేదే లేదు. వాటి తర్వాత ఏం తాగుతావు?"

"టీ. పాలు లేకుండానే మేడం" అన్నాడు, ఆ ఒక్కటైనా సరిగ్గా చేశానన్నట్టు.

"వెంటనేనా?"

"వెంటనే. చిక్కగా."

"పాలు కాదు గొడవ. తిన్న వెంటనే తాగితే, మొక్కల తిండిలో ఉన్న కాస్త ఇనుమునీ ఆ టీ ఒంటికి పట్టనివ్వదు. తిన్నాక కనీసం గంటైనా ఆగాలి. ఎవరు పెడతారు నీకు టీ?"

గున్న బావ వైపు చూశాడు. బావ కిటికీలోంచి పార్కింగు చూస్తున్నాడు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బావ ఉన్నట్టుండి ఒంటికాలి మీద లేచాడు. "ఎవడు చెయ్యమన్నాడ్రా నిన్ను అంత? ఆ మేడం తినమంది కదా, చెవుల్లో పిండి పెట్టుకున్నావా?" ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు. రెండు స్టాపులు దాటాక బావే గొంతు తగ్గించి, "నేను మాత్రం ఏం చూశాను. చిక్కిపోతుంటే సంబరపడ్డాను" అన్నాడు. ఇంకో స్టాపు దాటాక, "మీ అక్కకి టీ సంగతి చెప్పకు" అన్నాడు.

ఇంటికి రాగానే అక్క గుమ్మంలోనే అడిగింది. "ఏమన్నారు?"

"లివర్ శుభ్రంగా ఉందట" అన్నాడు బావ. అబద్ధం కాదు.

అక్క పచ్చటి కళ్ళు మెరిశాయి. "నా గున్న మొండోడు. అనుకుంటే చేస్తాడు" అని ఆ రాత్రి భోజనం దగ్గర పదిసార్లు అనుకుంది. గున్న శనగలు ఎక్కువ పెట్టుకుని తినడం చూసి ఇంకా సంతోషించింది. వాడు కంచం ఎత్తేలోపే గోడ పట్టుకుని వెళ్ళి, టీ తెచ్చి ఎదురుగా పెట్టింది. ఆ నాలుగడుగులకే ఆయాసపడుతోంది.

"ఇంద. ఇవాళ నీకు పండగ."

బావ తల దించుకుని నీళ్ళ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "చల్లారనీ అక్కా" అన్నాడు గున్న.

"చల్లారిన టీ ఎప్పుడన్నా తాగిన మొహమేనా నీది?"

ఆవిడ కుర్చీ అంచు పట్టుకుని నిలబడే ఉంది, అతను తాగితే చూద్దామని. గున్న తాగాడు. అడుగు దాకా తాగాడు. తిన్న శనగలన్నీ లోపల ఊరికే పోతున్నాయని తెలిసి తాగాడు.

సంగతి తెలిసి, మర్నాడు పనికి రావద్దని ఓనరే అన్నాడు. అయినా వేళకి మెలకువ వచ్చింది. బూట్లు చేతిలోకి తీసుకుని, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ తలుపు పక్కన పెట్టేశాడు. మంచం మీద పడుకుంటే కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఇన్నాళ్ళూ అక్క కోసం చెయ్యడానికి ఒక పని ఉండేది. ఒళ్ళు విరిగేలా చేసేవాడు. ఇప్పుడు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడం. అది అతనికి చేతకావడం లేదు. లేచి, బావ రాత్రే ఉడికించిపెట్టిన శనగల గిన్నె ముందేసుకుని కూర్చున్నాడు.

అక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. వీధి వైపు కాదు, ఇటు తిరిగి.

"మీ బావ కడుపులో మాట దాగదురా" అంది.

గున్న నములుతున్నది ఆపాడు.

"రాత్రంతా దొర్లాడు. చివరికి చెప్పేశాడు." కుర్చీలో ముందుకి వంగి, "నిన్న నీకు తెలుసు కదరా. ఎందుకు తాగావు మరి?" అంది.

"పెట్టావు కదక్కా" అన్నాడు.

అక్క చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంది. కిటికీలోంచి షట్టరు ఎత్తిన చప్పుడు వినిపించింది. కొట్టామె ఈ వైపు చూసి ఉంటుంది, ఇవాళ అబ్బాయిని ఎవరూ తరమడం లేదేంటి అని.

"తిను" అంది అక్క. "మొత్తం తిను. గంటాగి టీ పెడతాను. నేనే పెడతాను."

"సరే."

"గంట దాకా ఇక్కడే కూర్చుంటా."

గున్న ఒక్కొక్క శనగా నమిలాడు. దవడలు నొప్పెట్టాయి, అయినా నమిలాడు. కడుపు నిండాక కూడా నమిలాడు. వంటింట్లో స్టవ్వు మీద టీ గిన్నె నీళ్ళతో సిద్ధంగా ఉంది, కింద మంట లేదు. ఎండ కిటికీలోంచి కొంచెం కొంచెంగా లోపలికొచ్చి అక్క మొహం మీద పడింది. ఆ వెలుతురులో ఆమె చెంపలు నిన్నటికన్నా పచ్చగా ఉన్నాయో, తన కళ్ళకే అలా కనిపిస్తోందో అతనికి తెలియలేదు. గిన్నె ఖాళీ అయ్యేసరికి ఆమె తల కుర్చీ వీపు మీదికి వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది.

గున్న భయపడి లేచాడు. చీర మడతలు ఊపిరికి కదులుతున్నాయని చూసి కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ లేచి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. గంట అయ్యాక లేపాలా, లేపకూడదా అని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. బావ బస్సు ఎక్కేసి చాలాసేపైంది.