అలికిన నేల

మమతారాణి చదువుకున్న పిల్లే. పురావస్తు శాస్త్రంలో బంగారు పతకం కూడా ఉంది. అయినా మానేరు వాగు పక్కనున్న ఒక ఊళ్లో ఆరు రోజులు తప్పు చోట తవ్వించింది.

ఊరి చివర పాటిగడ్డ ఉంది. ఎప్పుడో జనం కాపురముండి వెళ్లిపోయాక కూలిన గోడలూ, పొయ్యి బూడిదా, పగిలిన కుండలూ ఒకదాని మీద ఒకటి పేరుకుని లేచిన దిబ్బ అది. ఇప్పుడు చిన్న ముక్కే మిగిలింది. దాన్నీ చదును చేసి గోదాం కట్టాలని ఊరి పెద్దల ఆలోచన. అక్కడ ఒకప్పుడు మనుషులు బతికారని పది రోజుల్లో చూపిస్తే పని ఆపిస్తానని, లేకపోతే తన చేతిలో ఏమీ లేదని పైఅధికారి ఓంప్రకాశ్ తేల్చేశాడు.

గడ్డ పక్క చేను నిండా పాత కుండ పెంకులే. ఊరు ఇక్కడే ఉండేదని మమత ఆ చేన్లోనే గుంట తీయించింది. మూరెడు లోతు దాకా పెంకులే పెంకులు. ఆరో రోజు సాయంత్రం ఆ పెంకుల అడుగున యూరియా బస్తా పీలిక దొరికింది. దాని కింద ఒట్టి నల్లరేగడి. అంటే ఆ పెంకులు మొన్నమొన్న ఎవరో తెచ్చి పోసినవే. పై పొర కన్నా కింది పొర పాతదని పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, గట్టు మీద కూలబడింది.

ఆ చేను కమలవ్వది. అక్కడే కూలికి తట్టలు మోస్తోంది. నీళ్ల సీసా అందించి చల్లగా చెప్పింది.

"గీ పెంకులు మా మామ పోసినయే బిడ్డా. పాటిమన్ను ఏస్తే పంట మంచిగొస్తదని గా గడ్డ మీదికెళ్లి బండ్లకొద్ది తోలిండు."

ముందే ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదు కదా అంది. చదువుకున్నవాళ్లు తెలిసే తవ్విస్తున్నారు అనుకుందట. మమతకు కోపం ముంచుకొచ్చింది, తన మీదే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, కళ్లెదుట తట్ట మోస్తున్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

ఏడో రోజు పొద్దున్నే గడ్డ మీదికి మారారు. ఈసారి కమలవ్వ చేతికి తట్ట బదులు తాపీ ఇచ్చింది మమత. రెండు రోజులూ బూడిద, మన్ను. తొమ్మిదో రోజు గుంట గోడలో సన్నని ఎర్ర గీతలు బయటపడ్డాయి. వాన నీళ్లు నిలిచి పేరుకున్న ఒండ్రు అని మమత పుస్తకంలో రాసుకుని, ఇంకా కిందికి పోదామంది. కమలవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డా. గది ఒండ్రు కాదు, అలికిన నేల."

గోరుతో ఒక్కొక్క పూతా చూపించింది. పండుగ పండుగకూ ఎర్రమన్ను పూత మీద పూత, ఇరవై దాకా తేలాయి. ఒక కొసన పూత మందమైంది. పొయ్యి దగ్గర రోజూ అలుకుతారు కాబట్టి అక్కడే మందమని, పొయ్యి అటు మూరెడు దూరంలో ఉంటుందని కమలవ్వ చెప్పింది. మధ్యాహ్నానికి మూడు రాళ్లు, నడుమ బూడిద, పక్కన బోర్లాపడ్డ మూకుడు బయటికొచ్చాయి. మమత కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పతకానికి తెలియనిది యాభై ఏళ్లు ఇల్లు అలికిన చేతికి తెలిసింది. పుస్తకంలో ఒండ్రు అన్న మాట కొట్టేసి, 'ఇంటి నేల, గుర్తించినది కమలవ్వ' అని రాసింది.

పదో రోజు ఓంప్రకాశ్ వచ్చాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారా అని గట్టు మీంచే నవ్వి, బూట్లతో దిగబోయాడు. కింద కమలవ్వ ఒట్టి కాళ్లతో కూర్చుని దుమ్ము ఊడుస్తోంది. తలెత్తి చూసింది.

"సారూ, బూట్లిడిసి దిగుండ్రి. పొయ్యి కాడికొస్తున్నరు."

ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయాడు. మూడు రాళ్ల వైపు, ఎర్రటి పూతల వైపు చూశాడు. తర్వాత గట్టు మీద కూర్చుని లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.