తేయుల్ వాళ్ళమ్మ

బస్సు దిగుతూనే ఆమె నన్ను "టీచరుగారూ" అని పిలిచింది.

పదేళ్ళ స్నేహంలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. మేం సముద్రం ఒడ్డున ఉల్జిన్‌లో ఉన్నప్పుడు మా పిల్లలిద్దరూ ఒకే కిండర్‌గార్టెన్‌లో చేరిన నాటి నుంచి నేను ఆమెకు తేయుల్ వాళ్ళమ్మను, ఆమె నాకు సోల్బి వాళ్ళమ్మ. మా దేశంలో బిడ్డను కన్న ఆడదాన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. బ్యాంకులో పిలుస్తారు, ఆసుపత్రిలో పిలుస్తారు, అంతే. సోల్బి వాళ్ళమ్మ అసలు పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. ఫోనులో కూడా అలాగే రాసుకున్నాను.

తేయుల్ అక్టోబరులో పోయాడు. రక్తానికి వచ్చిన జబ్బు. పదిహేనేళ్ళవాడు. అప్పటి నుంచి ఆ పిలుపు నాకు ఎక్కడా వినపడలేదు. "తేయుల్ అమ్మా" అని పిలిచే మా ఆయన ఇప్పుడు "ఇదిగో" అంటున్నాడు. లిఫ్టులో ఇరుగుపొరుగువాళ్ళు తల వంచి నమస్కరించి, మారే అంకెల వైపు చూస్తూ నిలబడతారు. బడిలో నేను ఎప్పటిలాగే టీచరును. సోల్బి వాళ్ళమ్మ ఉల్జిన్ నుంచి వస్తున్నానంటే, ఆమె అయినా పిలుస్తుందని ఎదురుచూశాను. అది అడిగి పిలిపించుకునేది కాదు.

ఫిబ్రవరి చివరి వారం. బడికి సెలవులు. ఆమె ఒక్క రోజుకే, మేం ఇప్పుడుంటున్న డేగు వచ్చింది, ఊరు చూసి, సొమున్ బజారులో దుప్పటి కొనుక్కుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోవాలని.

మొదట అప్సాన్ కొండ మీదికి కేబుల్ కారు ఎక్కాం.

"అబ్బ, ఏం గాలండీ టీచరుగారూ! మా సముద్రం గాలి మొహాన కొట్టి పోతుంది. మీ ఊరి గాలి చెవిలో దూరి కూర్చుంటోంది."

"ఈ 'అండీ' ఎప్పటి నుంచి?" అన్నాను.

"మరి టీచర్లు కదా! మర్యాద ఇవ్వకపోతే గోడకుర్చీ వేయిస్తారేమో!" అని నవ్వింది. నవ్వు తొందరగా ఆగిపోయింది.

పైన కటకటాల దగ్గర నిలబడితే ఊరంతా కనిపిస్తుంది. ఆమె చెయ్యి చాచి ఒక్కొక్కటే అడిగింది. అది స్టేషను, అది నది, అటువైపు మా బడి, ఇక్కడి నుంచి కనపడదు.

"ఆ తెల్లటి పెద్ద బిల్డింగు?"

"ఆసుపత్రి."

ఆమె చెయ్యి దించేసింది. ఈ ఏడాది వలల్లో స్క్విడ్ పడలేదనీ, మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్ళంతా ఖాళీ తొట్లు ముందేసుకుని ఒకరినొకరు తిట్టుకుంటున్నారనీ చెప్పింది. మెట్లు దిగుతూ, "మొన్న మా సో..." అని ఆగింది. "సోక్చో వెళ్ళొచ్చాం" అని పూర్తి చేసింది. సోక్చోలో ఏం చూశారని అడిగితే, మెట్లు జారేలా ఉన్నాయి, చూసి దిగమంది.

అలా పొద్దుటి నుంచి ఆమె తన కూతురి పేరు మింగుతోంది, నా కొడుకు పేరును దాటుకుంటూ పోతోంది. అంత కష్టపడేది నా కోసమే. చూస్తూ ఉండటం నాకు కష్టంగా ఉంది.

బజారుకు వచ్చేసరికి పన్నెండయింది. రెండో అంతస్తులో అన్నీ దుప్పట్ల కొట్లే. చిల్గోక్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముసలావిడ కొట్టు ఉంది. అందరూ ఆమెను చిల్గోక్ పెద్దమ్మ అంటారు. దుప్పట్ల గుట్టల నడుమ, కరెంటుతో వేడెక్కే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మమ్మల్ని చూడగానే కేకేసింది.

"రండమ్మా, చెయ్యి పెట్టి చూడండి! చెయ్యి పెట్టినందుకు డబ్బులేం అడగన్లే."

సోల్బి వాళ్ళమ్మ పసుపుపచ్చది ఒకటి లాగి, "ఇది బాగుంది. నా కోసమే" అంది.

"నీకా? ఏందమ్మా, ఇది హాస్టలు మంచం కొలత. నువ్వు కప్పుకుంటే సగం నువ్వు, సగం చలి!"

సోల్బి వాళ్ళమ్మ మొహం ఎర్రబడింది. "పిల్లకి" అంది, నాకు వినపడకూడదన్నంత మెల్లగా.

"అట్ల చెప్పు మరి! మార్చిలో పై స్కూల్లో చేరే పిల్లా? ఈ వారమంతా నాకు ఇవే బేరాలు. ఈ అమ్మ సంగతేంది? నీకెంతమంది పిల్లలు తల్లీ?"

అక్టోబరు తర్వాత నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఒక్కడు. అంత మాత్రం అబద్ధం కాదు. నోరు తెరిచాను.

"ఆమెకు పిల్లల్లేరు" అంది సోల్బి వాళ్ళమ్మ. "టీచరు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరే."

"అదీ సంగతి! మొహం చూడు ఎట్ల నిగనిగలాడతా ఉందో. నా మొహాన్ని మా ముగ్గురూ కలిసి చేను దున్నినట్టు దున్నిపెట్టినారు!" పక్క కొట్టామె కూడా నవ్వింది. చిల్గోక్ పెద్దమ్మ దుప్పటి మడిచి సంచిలో పెట్టింది.

కిందికి దిగి నూడిల్స్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాం. బండామె పచ్చిమిరపకాయల గిన్నె మా మధ్య పెట్టి పోయింది. సోల్బి వాళ్ళమ్మ చాప్‌స్టిక్‌లు తుడిచి నా ముందు పెట్టింది, తీసి మళ్ళీ తుడిచింది.

"కోపమొచ్చిందా?"

నేను మిరపకాయల గిన్నెను ఆమె వైపు జరిపాను.

"ఒక్కడని మీరంటే ఆ ముసలిది ఊరుకుంటుందా? ఏ క్లాసు, ఏ బడి అని మొదలుపెడుతుంది. అక్కడితో ఆపేద్దామనుకున్నా. మా ఆయన బస్సెక్కిస్తూ కూడా అదే చెప్పాడు. పేరెత్తకు, ఏడిపించకు అని. దారంతా అదే అనుకుంటూ వచ్చా, టీచరుగారు, టీచరుగారు అని."

ఆమె చెప్పినదాంట్లో నాకు తప్పు దొరకలేదు. అయినా ఆ "లేరు" నా లోపల కదులుతూనే ఉంది. ఎన్నడూ లేనిదానికీ, ఉండి, తర్వాత పోయినదానికీ భాషలో ఒకటే మాట. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు మాటలు నేర్పుతున్నాను. ఈ ఇరుకు నాకెన్నడూ కనపడలేదు. పైన ఆ కొట్లో ఇప్పుడు నేను బిడ్డను కననిదాన్ని. ఆ ముసలావిడ సాయంత్రానికి నన్ను మరిచిపోతుంది. తేయుల్ పుట్టనే లేదని నమ్మినవాళ్ళు ఈ ఊళ్ళో ఒకరున్నారు, అది మాత్రం ఉండిపోతుంది.

నూడిల్స్ రాకముందే లేచాను.

"ఎక్కడికి?" అంది సోల్బి వాళ్ళమ్మ. నేను మెట్లెక్కాను.

చిల్గోక్ పెద్దమ్మ నన్ను చూసి, "ఏం మరిచిపోయినావమ్మా?" అంది.

"నాకు ఒక కొడుకు. ఇందాక తప్పు చెప్పాం."

ఆమె నన్ను ఒక క్షణం ఎగాదిగా చూసింది. "కొడుకును మరిచిపోయినారా ఇద్దరూ కలిసి? భలే టీచరువే! ఎన్నేళ్ళు?"

"పదిహేను."

"ఆ అమ్మ కూతురి ఈడే! వీడూ హాస్టలుకేనా?"

అవుననలేదు, కాదనలేదు. ఆమె అప్పటికే గుట్టలోంచి నీలం దుప్పటి లాగి నా ముందు పరిచింది. మగపిల్లలు రంగు మాయనివే అడుగుతారంది. ఉతికినా ముద్ద కట్టదు, చూడమంది. నేను చెయ్యి పెట్టాను. మెత్తగా ఉంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆమె మాట్లాడినంతసేపూ నాకు మార్చిలో హాస్టలుకు పోయే కొడుకున్నాడు, వాడికి దుప్పటి కొనాలి.

"బరువుది కావాలా, తేలికదా?"

"తేలికది" అన్నాను. "వాడికి ఉక్క."

వెనక మెట్ల మీద పరుగు వినిపించింది. సోల్బి వాళ్ళమ్మ రొప్పుతూ వచ్చి గడపలో నిలబడింది. దుప్పటినీ దాని మీద నా చేతినీ చూసింది.

"తేయుల్ వాళ్ళమ్మా!"

రోడ్డు మీదికి అడుగేసిన మనిషిని పిలిచినట్టు పిలిచింది. పక్క కొట్టామె తల తిప్పింది.

"తేయుల్ వాళ్ళమ్మా, వద్దు. వద్దే, వచ్చెయ్."

నేను పొద్దుటి నుంచి ఎదురుచూసిన పిలుపు అది. ఆమె గొంతులో ప్రేమ కన్నా భయమే ఎక్కువుంది. నాకు పిచ్చి పట్టిందనుకున్నట్టుంది. అయినా అది నా పేరే.

"తేయులా పిల్లోడి పేరు?" అంది చిల్గోక్ పెద్దమ్మ. "బాగుంది. అయితే తేయుల్ వాళ్ళమ్మా, ఈ నీలంది..."

"అక్టోబరులో చనిపోయాడు" అన్నాను. తరగతిలో పాఠం చెప్పే గొంతే వచ్చింది. అది తప్ప నా దగ్గర వేరే గొంతు లేదు.

అవతలి వరసలో కుట్టుమిషను ఒకటి ఆగి మళ్ళీ మొదలైంది. ముసలావిడ అయ్యో అనలేదు, నన్ను ముట్టుకోలేదు. దుప్పటిని మడవనూ లేదు. దాని అంచు సరిచేస్తూ అడిగింది.

"ఎంత పొడుగు?"

"నా కన్నా జానెడు ఎక్కువ."

ఆమె నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, ఆ పైన జానెడు గాల్లో కొలిచి, దుప్పటి వైపు చూసింది.

"అయితే ఇది చాలదు తేయుల్ వాళ్ళమ్మా. కాళ్ళు బయటికొస్తాయి."

"ఎప్పుడూ బయటే ఉండేవి" అన్నాను. "ఎంత కప్పినా తన్నేసేవాడు."

సోల్బి వాళ్ళమ్మ గడప మీద అలాగే కూలబడింది. కోటు చేత్తో మొహం తుడుచుకుంది.

"మా ఇంట్లో పడుకున్నప్పుడూ అంతే" అంది. "కిండర్‌గార్టెన్ రోజుల్లో ఒకసారి, ఆ చలికి కాళ్ళు బయట పెట్టుకుని నిద్రపోతుంటే, మా సోల్బి దాని సాక్సులు తెచ్చి తేయుల్‌కు తొడిగింది. గులాబీరంగువి. లేచాక విప్పబోతే ఒకటే ఏడుపు, విప్పనివ్వడు!"

ఆ సంగతి నాకు తెలియదు.

"ఎప్పుడు? మొదటి నుంచి చెప్పు" అన్నాను.