లెక్కలో లేని జ్వరం

2020 సెప్టెంబరు. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీలో లొరెట్టా ప్రూయిట్ అమ్మాయిల హాస్టల్ వార్డెన్. ఒకరోజు పొద్దున్నే మూడో అంతస్తు నుంచి టెస్ అనే విద్యార్థిని ఫోన్ చేసింది.

"మేడమ్, ఊళ్లో క్లినిక్‌లో టెస్ట్ చేయించుకున్నా. పాజిటివ్ అన్నారు. ఒళ్లు కాలిపోతోంది. పక్క మంచం మీద బ్రిన్ ఉంది. నేనెక్కడికి పోను?"

వైరస్ సోకినవాళ్ల కోసం యూనివర్సిటీ ఒక పాత భవనం ఖాళీ చేయించి ఉంచింది. లొరెట్టా అక్కడికి ఫోన్ చేస్తే, టెస్ పేరు కంప్యూటర్లో లేదన్నారు. యూనివర్సిటీ శిబిరంలో టెస్ట్ చేస్తేనే పేరు ఎక్కుతుందట. శిబిరానికి ఫోన్ చేసింది.

"జ్వరమున్నవాళ్లని మేం రానివ్వం మేడమ్. ఊళ్లో క్లినిక్‌కి పంపండి."

"అక్కణ్నుంచే వచ్చిందయ్యా ఆ పిల్ల!"

అవతల ఫోన్ పెట్టేశారు. చివరికి యూనివర్సిటీలో కేసుల లెక్కలు చూసే అధికారి హాల్వర్సన్ దొరికాడు.

"చూడమ్మా, క్యాంపస్ కేసంటే క్యాంపస్‌లో టెస్ట్ చేసిన కేసు. బయట చేసింది కౌంటీ లెక్క, అంటే జిల్లా వాళ్లది."

"కౌంటీ వాళ్లనీ అడిగాను సార్. ఆమె సొంతిల్లు పక్క రాష్ట్రం నెబ్రాస్కాలో ఉందని అక్కడి లెక్కలో వేశారట."

"మరింకేం, లెక్కలోకి వచ్చినట్టేగా!"

"పిల్ల దగ్గుతున్నది నా మూడో అంతస్తులో సార్, నెబ్రాస్కాలో కాదు!"

"మన పాజిటివ్ శాతం ఎంత తక్కువుందో చూశావా అసలు?"

"ఎందుకుండదు? బాగున్నవాళ్లకే మళ్లీ మళ్లీ టెస్టులు చేసి, జబ్బుపడ్డవాళ్లని గేటు దగ్గరే తిప్పి పంపిస్తుంటే!"

"కమిటీ దృష్టికి తీసుకెళ్తాను" అన్నాడు.

ఇక ఎవరినీ అడగదలచుకోలేదు లొరెట్టా. కింద తను ఉండే గదిని టెస్‌కి ఇచ్చేసి, తన దుప్పటీ దిండూ ఆఫీసు సోఫా మీదికి మార్చుకుంది. తర్వాత మూడో అంతస్తులో తలుపు తలుపూ తట్టింది.

"ఎవరని అడక్కండి. మీలో ఒకరికి వచ్చింది. జాగ్రత్త."

ఒకమ్మాయి ఫోన్ తీసి చూసింది. "యూనివర్సిటీ పేజీలో మన హాస్టల్‌కి సున్నా అనుంది కదా మేడమ్?"

"ఉంటుందిలేమ్మా. నువ్వు మాత్రం మాస్కు తియ్యకు."

కొందరు భయపడ్డారు. కొందరు నవ్వుకుని సాయంత్రం పార్టీకి వెళ్లిపోయారు.

అదే వారంలో, టెస్ గదిలోనే ఉండే, జ్వరమేమీ లేని బ్రిన్‌కి శిబిరంలో పాజిటివ్ వచ్చింది. గంటలోనే ఆమెకు పాత భవనంలో గది, వేడి భోజనం సిద్ధమయ్యాయి. హాల్వర్సన్ స్వయంగా ఫోన్ చేశాడు.

"లొరెట్టా, మీ హాస్టల్‌లో మొదటి కేసు వచ్చింది. అందరికీ చెప్పి అప్రమత్తం చెయ్యి."

"రెండోది సార్."

"మొదటిదేనమ్మా. లిస్టు నా ముందే ఉంది."

లోపలి నుంచి టెస్ నీరసంగా పిలుస్తోంది, ఆకలేస్తోందట. నాలుగు రోజుల్లో ఆ పిల్ల తిండి అడగడం ఇదే మొదలు.

"ఉంటాను సార్, సూపు వెచ్చబెట్టాలి" అని ఫోన్ పెట్టేసింది లొరెట్టా.