ఉతకని తలగుడ్డ

ఆ ఉదయం నారిన్ పట్నం మీద మబ్బు కిందికి దిగి కొండల్ని నడుముదాకా మింగేసింది. ఆసుపత్రి కిటికీలోంచి చూస్తూ, పైన మేతబీడు దగ్గర వాన పడుతూ ఉంటుందని జిపార్‌కుల్ అనుకుంది. గుర్రాలు వానకు వీపు తిప్పి నిలబడి ఉంటాయి. పొదుగులు బిగిసి ఉంటాయి.

రొమ్ములో గడ్డ కోస్తారన్న భయం కంటే ఆమెకు చెయ్యి భయమే ఎక్కువ. చంకలో బిళ్ళలన్నీ తీసేస్తే చెయ్యి వాచిపోతుందని పక్క మంచం ఆమె చెప్పింది. గుర్రాన్ని పితకాలంటే ఒక మోకాలు నేలకానించి, వెనక కాలి చుట్టూ చెయ్యి పోనిచ్చి, ఆ చేతికే బకెట్ తగిలించుకోవాలి. వాచిన చేత్తో అయ్యే పని కాదు.

డాక్టరు బెగిమాయ్ వచ్చి, చేతిదీపమంత కెమెరా చూపించింది.

"రాజధాని నుంచి తెప్పించాం, అక్కా. గడ్డ దగ్గర పచ్చరంగు మందు ఎక్కిస్తాం. అది చంకలో ముందుగా ఏ బిళ్ళకు చేరుతుందో ఇది చూపిస్తుంది. దాన్నే తీసి పరీక్షిస్తాం. జబ్బు లేకపోతే మిగతావాటి జోలికి పోం."

"ఉంటే?"

"ఉంటే చెయ్యి సంగతి తర్వాత. ముందు మీరుండాలిగా."

"ఇంత చిన్నదానికి అంత చూపుందా, తల్లీ?"

"మీ అత్తగారి కంటే ఎక్కువే."

నవ్వొచ్చింది గానీ భయం పోలేదు.

మత్తు దిగి మెలకువ వచ్చేసరికి బెగిమాయ్ పక్కనే ఉంది. "గడ్డ తీసేశాం. చంకలో రెండు బిళ్ళలు మెరిశాయి. రెండూ శుభ్రంగా ఉన్నాయి. మీ చేతికేం ఢోకా లేదు. ఈ వేసవికి మాత్రం బకెట్ ముట్టుకోకూడదు."

జిపార్‌కుల్ కిటికీ వైపు తిరిగింది. కొండలింకా బయటపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మొగుడు తొలోముష్ రొట్టె, తోలుతిత్తిలో కుమిస్, అదే పులియబెట్టిన గుర్రప్పాలు, పట్టుకుని వచ్చాడు. చెంప నీలంగా కమిలిపోయి ఉంది.

"ఏమయ్యా, ఎవరితో కొట్టుకున్నావు?"

"నీ ఎర్రదానితోనే. మిగతా గుర్రాల్ని పక్క గుడారం ఆవిడ పితికింది. ఇది ఎవర్నీ రానివ్వలేదు. నీ కోటు తొడుక్కుని, నీ తలగుడ్డ కట్టుకుని కూర్చున్నా. నువ్వే అనుకుంటుందని."

"గడ్డంతోనా?"

"కనపడకుండానే కట్టా. వాసన చూసింది, తన్నింది."

"గుడ్డ ఉతికావా?"

"మురికిగా ఉందని సబ్బేసి ఉతికా."

"నీ శుభ్రం తగలెయ్య! దానికి కావాల్సింది ఆ మురికేనయ్యా!" నవ్వితే కుట్లు లాగాయి.

అతను నేల చూపులు చూస్తూ అన్నాడు. "గుడారంలో కూడా ఇప్పుడు సబ్బు వాసనేనే."

ఆమె బాగున్న చేత్తో తన తలకున్న గుడ్డ విప్పి అతని ఒళ్ళో పెట్టింది. "దీన్ని ఉతక్కు."

అతను దాన్ని కోటు లోపల దాచుకుని రొట్టె తుంచాడు. ఒకే గిన్నె చేతులు మార్చుకుంటూ తాగారు. ఇందులో ఎర్రదాని పాలు లేవని మొదటి గుక్కలోనే ఆమెకు తెలిసింది. గిన్నె అతనికి అందించింది.